ఎర్తు గుంతలో పోయని రెండు బిందెలు

కడప జిల్లా విద్యుత్ తనిఖీ అధికారి గారి సముఖమునకు,
మైదుకూరు రోడ్డు, ఎర్రదిన్నె గుట్ట కంకర మిషను క్యాంపు నుండి, హాజరు గుమాస్తా జ్ఞానమణి వ్రాసుకొను అర్జీ.
తేది 22-5-1957, బుధవారము.

అయ్యా,

విషయం: మా క్యాంపులోని తాత్కాలిక కరెంటు తగిలి 14-5-57 తేదీన మారెన్న అను కూలీ చనిపోయిన సందర్భములో, నా తల్లి జీవమ్మ వేలిముద్రతో పంపబడిన వాంగ్మూలమునకు చేర్చవలసిన సంగతులు, మరియు వచ్చే సోమవారము మిషను తిరిగి నడపకుండా ఆపుట గురించి.

తమరెవరో నాకు తెలియదు. తమ హోదా మాత్రము మిషను షెడ్డులో వేలాడదీసిన ఇంగ్లీషు పుస్తకము చివరి పుటలో ఉన్నది. ప్రమాదము జరిగినయెడల ఈ అధికారికి వెంటనే తెలుపవలెనని అందులో అచ్చువేసినారు. ఎనిమిది దినములైనది. ఎవరును తెలిపినట్లు లేదు. అందుచేత నేను తెలుపుచున్నాను.

నా వయస్సు పంతొమ్మిది. కర్నూలులో కాన్వెంటు బోర్డింగులో ఉండి ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివినాను. మార్చి నెల నుండి ఈ క్యాంపులో ఉదయము, మధ్యాహ్నము కూలీల పేర్లు పిలిచి హాజరు వ్రాయుట నా పని. నీళ్లు మోయుట నా తల్లి పని. కాలువ కట్టడానికి కావలసిన కంకర ఇక్కడ తయారవుతుంది. కూలీలు గుట్ట మీది రాళ్లు తెచ్చి మిషను నోట్లో వేస్తారు. మిషనును మోటరు తిప్పుతుంది. మోటరుకు కరెంటును పెద్ద లైను నుండి సరుగుడు కొయ్యల మీద తాత్కాలికముగా లాగినారు.

ఇనుములోకి కరెంటు దిగితే అది మనిషి గుండా పోకుండా భూమిలోకి పోవడానికి ఒక పైపు పాతి, దాని నుండి మిషనుకు తీగ కడతారు. దానిని ఎర్తు అంటారు. తమకు తెలిసినదే. ఇది చదివే గుమాస్తాలకు తెలియకపోవచ్చునని వ్రాసినాను. పైపు చుట్టూ నేల తడిగా ఉంటేనే అది పని చేస్తుంది. కాబట్టి ఉప్పు, బొగ్గు వేసిన ఆ గుంతలో రోజూ రెండు బిందెల నీళ్లు పోయవలెను. పోయవలసిన మనిషి నా తల్లి.

ఇక జరిగిన సంగతులు మనవి చేయుచున్నాను.

1. వాంగ్మూలము. పదహారవ తేదీ మధ్యాహ్నము సైటు సూపర్‌వైజరు రామకృష్ణ గారు మమ్ములనిద్దరినీ తమ గుడారములోనికి పిలిపించినారు. అక్కడ ఆయన చెప్పుచుండగా నేను వ్రాసినాను. దానిలోని వాక్యములు ఇవి: "నా పేరు జీవమ్మ. ఎర్తు గుంతలో దినము రెండు బిందెలు పోయుట నా బాధ్యత. మే రెండవ తేదీ నుండి పోయలేదు. పదునాలుగవ తేదీన ఆ గుంతకు తెచ్చిన నీళ్లు మారెన్నకు త్రాగుటకిచ్చినాను. ఇది నా ఇష్టపూర్వకముగా చెప్పినది."

ఈ వాక్యములలో ఒక్కటియు అబద్ధము కాదు. వ్రాయునప్పుడు నాకు అదే తోచినది. అబద్ధము లేని కాగితము వ్రాయుచున్నాను కదా అనుకొన్నాను.

అమ్మ గుడారములోకి రావడము అదే మొదలు. గుడారపు వట్టివేళ్ల తడకలు అప్పుడే తడిపి ఉన్నవి. "ఈడ సల్లగుండాదే పాపా" అన్నది. తరువాత "ఏం రాసినావు?" అని అడిగినది. "జరిగిందే రాసినానమ్మా" అన్నాను. చదివి వినిపించలేదు. ఆయన చదవమనలేదు, నేను చదువుతానని అనలేదు. నా వ్రాత కదా అని అమ్మ వేలు ముందుకు చాపినది. ఆ వేలును సిరా గుడ్డకు అద్దినది కూడా నేనే.

ఆ కాగితము పై ఆఫీసుకు పోయినది, అక్కడి నుండి తమ వద్దకు రావచ్చును. కారణము తెలిసిపోయినది కనుక మిషనులో చూడవలసినది ఏమియు లేదని, సోమవారము నుండి పని మొదలని ఆయన అందరికీ చెప్పినారు.

2. నీళ్లు. గుట్ట కింది బావి ముప్పావు మైలు. అమ్మ నెత్తిన ఒకటి, చంకన ఒకటి పెట్టుకొని ఆరు సార్లు తిరిగేది. పన్నెండు బిందెలు. అందులో ఆరు నలభై మంది కూలీలు త్రాగడానికి, నాలుగు సూపర్‌వైజరు గారి గుడారమునకు కట్టిన వట్టివేళ్ల తడకలు తడపడానికి, రెండు గుంతకు. ఏప్రిల్ ఆఖరుకు బావి అడుగంటినది. పది బిందెలకే బురద తేలేది. అమ్మ పోయి అడిగినది. నేను పక్కన ఉన్నాను.

"పదే వస్తాండాయి సామీ. దేంట్లో తగ్గించమంటారు?"

"తడకలు ఎండితే లోపల కూర్చోలేం జీవమ్మా. వాటికి తగ్గించకు. మిగతాది నువ్వే చూసుకో."

మిగతాది అమ్మ చూసుకున్నది. తగ్గించడానికి మిగిలినవి రెండే కదా, నలభై మంది నోళ్లు, ఒక గుంత. అమ్మ స్థానములో తమరుండినచో ఏమి చేసి ఉందురో నేను అడుగలేను.

3. మారెన్న. ఇతడు ముప్పై ఏండ్ల మనిషి, ఆత్మకూరు వైపు వాడు. మిషను నోటి దగ్గర నిలబడి రాళ్లు అందించేవాడు. భార్య సుంకులమ్మ అతనికి గంపలు మోసుకొచ్చి ఇచ్చేది. పదో తేదీ నుండి కూలీలు "మిషను గిల్లుతాండాది" అనడము మొదలుపెట్టినారు. ఇనుము మీద చేయి పెడితే చీమ కుట్టినట్లు ఉండేదట. నవ్వుకునేవారు. "మారెన్నా, నీ మిషనుకు నీ మీద మనసైనట్టుండాది, సుంకులమ్మకు సెప్తాం ఉండు" అని ఒకామె అన్నది. మారెన్న చేతులకు గోనెపట్ట చుట్టుకున్నాడు. సూపర్‌వైజరు గారికి చెప్పితే ఎండకు ఇనుము కాలుతున్నది, అంతే అన్నారు.

అది కాలడము కాదని నాకు తెలుసు. పుస్తకములో ఉన్నది. పదునాలుగవ తేదీ ఉదయము అమ్మతో చెప్పినాను, గుంతలో నీళ్లు లేకపోతే ప్రాణాపాయమని పుస్తకములో వ్రాసి ఉన్నదని.

"పుస్తకంలో నీళ్లు యాడ తేవల్లో కూడా రాసినారా పాపా?" అన్నది. అయినా ఊరకుండలేదు. పది గంటలకు, మామూలుగా తిరిగేది కాక, ఇంకొకసారి బావికి పోయి బురద తేరేదాకా కూర్చొని ఒక బిందె తెచ్చినది. గుంత మిషనుకు నాలుగడుగుల దూరములో ఉన్నది. అక్కడికి వచ్చేసరికి మారెన్న చూసినాడు.

"యాడికి జీవక్కా ఆ బిందె?"

"గుంతకు."

"గుంతేమన్నా రాళ్లు మోస్తాండాదా? నాకు పొయ్యి."

"గుంతకు పొయ్యకుంటే కరెంటుకు కోపమొస్తాదంట మారెన్నా. మా పాప సెప్తాండాది."

"వస్తే నాతో మాట్లాడమను, నేను సమాధానం సెప్పుకుంటా. ముందు పొయ్యి. నాలిక పిడసగట్టుకపోయింది."

గోనెపట్ట విప్పి, వంగి దోసిలి పట్టినాడు. మా క్యాంపులో ఒకరి చెంబు ఒకరు నోటికి పెట్టుకోరు. అందరూ దోసిలి పట్టి త్రాగుతారు, అమ్మ పైనుండి పోస్తుంది. త్రాగినంత నీరు మోచేతుల మీదుగా కారి కాళ్ల దగ్గర పడుతుంది. మారెన్న వెనుక ఇంకా ఆరుగురు వచ్చినారు. బిందె దాదాపు అయిపోయినది. అడుగున మిగిలినది అమ్మ గుంతలో వంచినది.

మారెన్న చేతులు తుడుచుకోలేదు. మే నెల ఎండలో తడిచేయి ఎవరూ తుడుచుకోరు, కొంచెము సేపు చల్లగా ఉంటుందని. అప్పుడే మిషను నోట్లో ఒక రాయి ఇరుక్కున్నది. గోనెపట్ట చుట్టుకోకుండానే అతడు తడిసిన నేల మీద నిలబడి, తడిచేయి ఇనుము మీద ఆనించి లోపలికి తొంగి చూసినాడు.

ఆ చేయి తిరిగి రాలేదు.

సుంకులమ్మ పరుగెత్తినది. నేను "ముట్టుకోవద్దండి" అని అరిచినాను. అంత గట్టిగా నేను ఎన్నడూ మాట్లాడలేదు. అమ్మ సుంకులమ్మను నడుము పట్టి వెనుకకు పడవేసి, ఎండిన దుడ్డుకర్రతో మారెన్న చేతిని కొట్టి విడిపించినది. నేను స్విచ్చు కొరకు పోయినాను. దానిని గురించి ఐదవ అంశములో వ్రాసినాను. సూపర్‌వైజరు గారు, నేను వచ్చేసరికి అతని తల అమ్మ ఒడిలో ఉన్నది. ప్రాణము లేదు.

4. పైపు. ఎర్తు పైపు ఎనిమిది అడుగులు దిగవలెను. మూడు అడుగులకే నాపరాయి తగిలినందున మిగిలినది రంపముతో కోసివేసినారు. కోసిన ముక్క షెడ్డు వెనుక రెండు గుంజలకు అడ్డముగా కట్టి ఉన్నది. కూలీలు సద్దిమూటలు దానికి తగిలించుకుంటారు. నేను కొలిచినాను. ఐదు అడుగుల ఒక అంగుళము.

కోసినది వైర్‌మన్ మస్తాన్ సాబు గారు. ఆయనను నేనే పోయి అడిగినాను. ఆయన చెప్పినది ఆయన మాటలలోనే వ్రాయుచున్నాను: "నాప తగిలింది బిడ్డా. వంక పక్కకు పోయి తవ్వుదాం, ఆడ మన్ను మెత్తగుంటాదని చెప్పినా. తీగ శానా పడుతుంది, పొద్దు లేదు, ఎట్లో చేసెయ్యి అని సూపర్‌వైజరు సారు అన్నారు. ఎట్లో చేసేసినా. ఈ ఎండాకాలం పనికి ఏమైతాదిలే అనుకుంటి." ఆయన పేరు వ్రాయనని చెప్పినాను. "రాయి. కోసింది నేనే గదా" అన్నారు.

కావున, మూడడుగుల పైపుకు, కింద బండ ఉండగా, అమ్మ ప్రతిదినము రెండు బిందెలు పోసి ఉన్నను మారెన్న బ్రతికేవాడా? నాకు తెలియదు. మస్తాన్ సాబు గారికి కూడా తెలియదు. వాంగ్మూలములో ఈ ప్రశ్నయే లేదు.

5. తక్కినవి. (అ) రాయి ఇరుక్కున్నప్పుడల్లా ఫ్యూజు కాలిపోయి రోజుకు రెండు మూడుసార్లు పని ఆగుచున్నదని, ఏప్రిల్ నెలలో దాని స్థానములో లావు రాగితీగ వేయబడినది. అప్పటి నుండి అది కాలలేదు. మారెన్న చేయి ఇనుమును పట్టుకొని ఉన్నప్పుడు కూడా కాలలేదు.

(ఆ) మోటరుకు పోవు రబ్బరు తీగ నేల మీదనే పరచబడి ఉన్నది. దాని మీద రాళ్లు పడి మూడు చోట్ల చీలినది. చీలిన చోట్ల చీరపేలికలు చుట్టబడినవి. అందులో ఒకచోటు మిషను ఇనుపకాలి కింద నలిగి ఉన్నది. ఆ పేలిక నల్లబడినది.

(ఇ) స్విచ్చు కొయ్యపెట్టెలో పెట్టి తాళము వేయబడినది. కూలీలు అలుపు తీర్చుకొనుటకు మిషను ఆపుదురని ఈ ఏర్పాటు. తాళంచెవి సూపర్‌వైజరు గారి వద్ద ఉండును. నేను గుడారము వద్దకు పోయి చెప్పినాను. చెవి ఏ జేబులో ఉన్నదో ఆయనకు గుర్తు రాలేదు. ఆయన కావాలని ఆలస్యము చేయలేదు, ఒక్కొక్క జేబును రెండేసి సార్లు వెదికినారు. నేను చూసినాను.

6. నా తప్పు. పైన చెప్పిన ఇంగ్లీషు పుస్తకము ఇరవై ఎనిమిది పుటలు. క్యాంపులో చదవడానికి ఇంకేమీ లేనందున మార్చి నెలలోనే దానిని రెండుసార్లు చదివినాను. బండ తగిలితే పైపు వేరొకచోట పాతవలెనని తొమ్మిదవ పుటలో ఉన్నది. ఫ్యూజుకు బదులు వేరు తీగ పెట్టరాదని పదకొండులో, స్విచ్చు చేతికందే చోట తాళము లేకుండా ఉండవలెనని పద్నాలుగులో ఉన్నది. నలభై మందిలో ఆ అక్షరములు తెలిసినదాన్ని నేను ఒక్కతెనే. పైపు కోసినప్పుడు చూసినాను. రాగితీగ వేసినప్పుడు చూసినాను. హాజరు పుస్తకము పట్టుకొని నిలబడినాను. అడిగితేనే మాట్లాడవలెనని బోర్డింగులో నేర్పినారు. ఇక్కడ నన్ను ఎవరూ అడుగలేదు.

నీళ్లు పోయలేదని అమ్మ వేలిముద్ర తీసుకున్నారు. చదివి చెప్పలేదని నా వేలిముద్ర ఎవరూ తీసుకోలేదు.

7. తరువాత. కాగితము సంగతి క్యాంపులో తెలిసిపోయినది. సుంకులమ్మ మా గుడిసె ముందుకు వచ్చి, "నా మొగునికి నీళ్లు పోసి సంపినావంట గదా జీవక్కా" అన్నది. గట్టిగా అనలేదు. నిజమా అని అడిగినట్లుగా అన్నది. ఆ దినము నుండి ఎవరూ అమ్మ దగ్గర దోసిలి పట్టడము లేదు. బిందెలు తెచ్చి నీడన పెడుతుంది. ఆమె పక్కకు జరిగిన తరువాత వచ్చి ముంచుకుంటున్నారు.

సూపర్‌వైజరు గారు దయతో సుంకులమ్మకు మారెన్న పని ఇచ్చినారు. ఆమె గంపలు మోయనక్కరలేదు. సోమవారము నుండి మిషను నోటి దగ్గర, మారెన్న నిలబడిన చోటనే నిలబడి రాళ్లు అందించవలెను. ఆ చోట నేల తప్ప ఇంకేమీ మారలేదు. నేల ఆరిపోయినది. ఆమెకు కూడా దప్పిక అవుతుంది.

పై కారణములచేత తమను రెండు ప్రార్థించుచున్నాను.

మొదటిది. జీవమ్మ వాంగ్మూలమును ఒంటిగా చదవకుండా, దీనితో కలిపి చదివి, మారెన్న చావునకు ఆమె కారణమని వ్రాయకుండా ఉండవలెను.

రెండవది. తమరు గాని, తమరు పంపిన వారు గాని వచ్చి కళ్లారా చూచునంతవరకు మిషనును నడపరాదని తంతి ద్వారా ఉత్తరువు చేయవలెను.

తమరు వచ్చినప్పుడు షెడ్డులో తగిలించుటకు ఆ పుస్తకములోని ముఖ్యమైన మాటలు తెలుగులో వ్రాసి ఉంచినాను. ఇక్కడ ఎవరికైనా చదివి వినిపించినా అర్థమయ్యేటట్లు వ్రాసినాను. తప్పులున్నచో దిద్దవలెను.

ఇనుము గిల్లితే వెంటనే పని ఆపండి, నవ్వుకోవద్దు.
తడిచేతితో మిషనును, తీగను, స్విచ్చును ముట్టవద్దు. నీళ్లు మిషనుకు దూరముగా త్రాగండి.
తీగ నేల మీద ఉండరాదు. చీలిన తీగకు గుడ్డ చుట్టరాదు, తీగనే మార్చవలెను.
ఫ్యూజు కాలితే ఎందుకు కాలినదో చూడండి. లావు తీగ పెట్టవద్దు.
మిషను నోట్లో చేయి గాని, తల గాని పెట్టేముందు స్విచ్చు ఆపండి.
స్విచ్చుకు తాళము వేయవద్దు. అది ఎక్కడ ఉన్నదో ప్రతి మనిషికీ తెలియవలెను.
ఎర్తు గుంతకు నీళ్లు పోయండి. మనుషులు త్రాగే నీళ్లలో నుండి తీయకుండా పోయండి.

చివరి వాక్యములో రెండవ సగము పుస్తకములో లేదు.

వ్రాతలో మర్యాద తప్పినచోట్ల నా చిన్నతనమని మన్నించి, విషయమును మాత్రము సోమవారమునకు ముందుగా చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయురాలు,
జ్ఞానమణి

తా.క. ఈసారి అర్జీ మొత్తము అమ్మకు చదివి వినిపించినాను. మారెన్న మాటలు వచ్చినచోట ఆపి, వాటిని మరల చదవమన్నది. చివర వేలిముద్ర వేస్తావా అని అడిగితే వేయనన్నది. నేను నొచ్చుకున్నానని అనుకున్నదేమో, దగ్గరకు వచ్చి ఇట్లా అన్నది:

"నాకు సెడ్డపేరొస్తే రానీలే పాపా. నేను నీళ్లు పొయ్యలేదు గదా, ఆ మాట నిజమే గదా. నన్ను యిడిపించేదానికి వాళ్లతో వాదులాడుకుంటా కూచుంటే ఈలోపల సోమారం వచ్చేస్తాది. సుంకులమ్మను ఆడ నిలబెట్టొద్దని రాయి. అదొకటే రాయి."

పైన వ్రాసిన మొదటి ప్రార్థన నాది. దానిని కొట్టివేయవలెనని మూడుసార్లు కలము పట్టుకున్నాను, నా చేత కాలేదు. కాబట్టి అది అట్లే ఉన్నది. తమకు రెంటిలో ఒకదానికే వీలున్నట్లయితే రెండవదే చేయవలెను.

మిషను ఉదయము ఏడు గంటలకు వేస్తారు.